డ్రోన్‌కి చలువ కళ్లద్దాలు ఎన్ని కావాలి?

కిందటిసారి మైకుల గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను, డ్రోన్ ఎగరేసేవాళ్లు ఎన్‌డీ ఫిల్టర్ల (లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్ల గాజుల) గురించి ఏమైనా అడగాలంటే రాయండి అని. అన్నందుకు అనుభవిస్తున్నాను. వచ్చిన వాటిలో సగం ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ఏ నంబర్ కొనాలి?"

నేను విశాఖలో పెళ్లి వీడియోలు మొదలుపెట్టిన రోజుల్లో కెమెరా భుజం మీద, వీహెచ్‌ఎస్ క్యాసెట్లు సంచిలో ఉండేవి. పైనుంచి షాట్ కావాలంటే కల్యాణ మండపం వాటర్ ట్యాంకు ఎక్కడమే. ఇప్పుడు మోకాళ్లు ట్యాంకు ఎక్కనివ్వవు కాబట్టి డ్రోన్ నాకు దేవుడిచ్చిన వరం. దాని కంటికి పెట్టే నల్ల గాజు గురించి నాకు తెలిసింది, డబ్బు తగలేసి నేర్చుకున్నది ఈసారి రాస్తాను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో డీజేఐ మినీ 2 డ్రోన్ కొన్నాను. దాంతోపాటు ఎన్‌డీ 4, 8, 16, 32, 64, 128 అని ఆరు ఫిల్టర్ల డబ్బా ఇచ్చారు. ఎప్పుడు ఏది పెట్టాలి? ఫిల్టర్ లేకుండా తీసినా బాగానే వస్తోంది కదా, అసలు ఇవి ఎందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: ముందు రెండో ప్రశ్న. ఎన్‌డీ ఫిల్టర్ బొమ్మని నల్లగా చేయడానికి కాదు. షట్టర్‌ని, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగుని లోపలికి వదిలే సమయాన్ని, నిదానంగా నడిపించడానికి. మీ చెయ్యి కళ్ల ముందు అటూ ఇటూ గబగబా ఊపి చూడండి. వేళ్లు విడివిడిగా కనపడవు, కాస్త అలుక్కుపోతాయి. మన కంటికి కదలిక అంటే అదే. సినిమా కెమెరావాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క కూడా ఇదే: సెకనుకి ఎన్ని ఫ్రేములు తీస్తున్నారో దానికి రెట్టింపు షట్టర్. 25 ఫ్రేములకి 1/50 సెకను. 30 ఫ్రేములకి 1/60.

మన ఊరి ఎండలో డ్రోన్‌ని దాని ఖర్మకి వదిలేస్తే షట్టర్ 1/2000, 1/3000 దాకా పోతుంది. అప్పుడు ఒక్కో ఫ్రేమూ గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. అవన్నీ వరసగా నడిస్తే మాత్రం బొమ్మ టకటకా గెంతుతున్నట్టు ఉంటుంది. కొబ్బరిచెట్ల పక్కనుంచి తక్కువ ఎత్తులో పోయిన షాట్ ఒకటి టీవీలో పెట్టి చూడండి, తెలుస్తుంది. ఫోన్‌లో తెలియదు. మీకు "బాగానే" కనిపించడానికి కారణం బహుశా ఫోన్‌లో చూడటమే.

మినీ 2 లెన్సు ఎఫ్/2.8, అంటే వెలుగు వచ్చే కంత కొలత; ఆ అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది. అది తెరుచుకోదు, మూసుకోదు. ఐఎస్‌ఓ, అంటే వెలుగుకి సెన్సరు చూపే సున్నితత్వం, 100 కంటే తగ్గదు. షట్టర్‌ని మీరు 1/50 దగ్గర పట్టుకుంటే ఇక వెలుగు తగ్గించే దారి బయటినుంచి గాజు పెట్టడమొక్కటే.

ఏ గాజు అన్నది భాగహారం. మూడో తరగతి పిల్లాడు చేసేది. ఫిల్టర్ లేకుండా డ్రోన్‌ని లేపండి. ఐఎస్‌ఓ 100 దగ్గర బిగించి, ఎక్స్‌పోజరు (బొమ్మ వెలుతురు) సరిగ్గా ఉన్నప్పుడు షట్టర్ ఎంత చూపిస్తోందో చూడండి. ఆ కింది అంకెని 50తో భాగించండి. వచ్చిందే మీ ఫిల్టర్. 1/1600 చూపిస్తే, 1600ని 50తో భాగిస్తే 32. ఎన్‌డీ 32 పెట్టండి. 1/400 అయితే ఎన్‌డీ 8. మీరు 30 ఫ్రేములు తీసేవారైతే 60తో భాగించండి. ఎన్‌డీ 16 అంటే పదహారో వంతు వెలుగుని మాత్రమే లోపలికి వదిలే గాజు అని అర్థం, అందుకే ఈ లెక్క ఇంత తిన్నగా కుదురుతుంది. భాగహారం 45 అనో 50 అనో మధ్యలో తేలితే పల్చటి ఫిల్టరే తీసుకోండి. షట్టర్ 1/80 అయినా కొంపలేమీ మునగవు. ముదురు గాజు పెట్టి ఐఎస్‌ఓ పెంచుకోవడం కంటే నయం.

నా నోటుబుక్కులో ఎఫ్/2.8 డ్రోన్‌కి ఫిల్టర్ లేకుండా రాసుకున్న షట్టర్ లెక్కలు చెప్తాను, మీకు అంచనా దొరుకుతుంది. సముద్రంలోంచి సూర్యుడు పైకి వచ్చిన కాసేపటికి 1/400, 1/500 ఉంటుంది. ఉదయం తొమ్మిదికి 1/2000. మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద 1/3200, తెల్లటి నురగా ఇసకా ఫ్రేము నిండా ఉంటే ఇంకా పైకి. వానాకాలం ముసురులో 1/500 నుంచి 1/1000. సూర్యుడు సింహాచలం కొండల వెనక్కి దిగాక పది పదిహేను నిమిషాల్లో ఇదంతా కుప్పకూలుతుంది, ఫిల్టరే అక్కర్లేదు. అంటే మీ డబ్బాలో రోజూ పనికొచ్చేవి మూడే: 8, 32, 64. నాలుగోది కావాలంటే 16. ఆ 4ని, 128ని తమ్ముడికి ఇవ్వకండి, పారేయకండి, డబ్బాలోనే ఉండనివ్వండి. వాటి సంగతి కింద ఇంకో జవాబులో వస్తుంది.

ప్రశ్న: నాది మినీ 4 ప్రో. మా స్నేహితుడి మినీ 2కి ఎన్‌డీ 64 సరిపోయే ఎండలో నాకు సరిపోవడం లేదు. ఫిల్టర్ నకిలీదా?
– మధురవాడ

జవాబు: ఫిల్టర్ మంచిదే. మీ లెన్సు కంత పెద్దది. మినీ 3, మినీ 3 ప్రో, మినీ 4 ప్రో మూడూ ఎఫ్/1.7. ఎఫ్/2.8తో పోలిస్తే సుమారు 2.7 రెట్ల వెలుగు తీసుకుంటుంది. ఆయనకి 1/3200 ఉన్నచోట మీకు 1/8000 దాటాలి. ఇదే భాగహారం మీరూ చేస్తే 160 వస్తుంది. ఆ డ్రోన్‌కి కంపెనీవాళ్లు అమ్మే సెట్టే 16, 64, 256. అది చూసి "256 ఎవరికి కావాలి" అని మొదట్లో నేనూ నవ్వాను. మే నెల మధ్యాహ్నం ఇసక మీద ఎగరేసినప్పుడు నవ్వు ఆగింది.

స్నేహితుడి డ్రోన్‌కి ఏ నంబర్ పెట్టాడో అడిగి కొనకండి. యూట్యూబ్‌లో చలిదేశాలవాళ్లు చెప్పే నంబర్లూ వద్దు. వాళ్ల ఎండ వేరు.

ప్రశ్న: అరకులో మా హోమ్‌స్టే కోసం కొండలు, కాఫీ తోటలు వంద మీటర్ల ఎత్తునుంచి తీస్తుంటాను. ఎన్‌డీ పెట్టినా పెట్టకపోయినా నాకు ఒకేలా ఉంది. నా కళ్లలో లోపమా?
– అరకులోయ

జవాబు: మీ కళ్లు బంగారం. లోపం ఎన్‌డీ గురించి అందరూ ఊదరగొట్టే మాటల్లో ఉంది.

లెక్క వేద్దాం. మీ డ్రోన్ వంద మీటర్ల ఎత్తులో నిటారుగా కిందికి చూస్తోంది. మామూలు 24 ఎంఎం వెడల్పు లెన్సుకి అక్కడినుంచి నేల మీద సుమారు 150 మీటర్ల వెడల్పు కనపడుతుంది. 4కే బొమ్మలో అడ్డంగా 3840 చుక్కలు. అంటే మీటరుకి 26 చుక్కలు. డ్రోన్ సెకనుకి పది మీటర్ల వేగంతో పోతుంటే, 1/50 సెకనులో అది కదిలేది 20 సెంటీమీటర్లు. బొమ్మలో ఐదు చుక్కలు. ఐదు చుక్కల అలుకుడు ఎవరికి కనపడుతుంది? అదే డ్రోన్ పది మీటర్ల ఎత్తుకి దిగి అదే వేగంతో పోతే యాభై చుక్కలు అలుక్కుంటాయి. అక్కడ కాఫీ మొక్కల మీద నుంచి జారిపోతున్నట్టు ఉంటుంది, అది అందం.

కాబట్టి ఎత్తునుంచి కొండలు, పొగమంచు, లోయ తీసేటప్పుడు ఎన్‌డీ లేదని బెంగ వద్దు. నేల దగ్గర, చెట్ల మధ్య, బండి వెనకాల, నీళ్లకి ఆనుకుని తీసేటప్పుడు పెట్టండి. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఆరు ఫిల్టర్ల డబ్బా అంటగట్టడం నాకు నచ్చదు.

ఇంకో సందర్భం ఉంది. సూర్యుడికి ఎదురుగా ఎగరేసినప్పుడు రెక్కల నీడ లెన్సు మీద పడి, బొమ్మలో చీకటి చారలు పైకీ కిందికీ పాకుతాయి. వేగం షట్టర్లో అవి బాగా కనపడతాయి. 1/50లో కలిసిపోతాయి. అరకులో ఉదయం తూర్పు ముఖంగా తీసేవాళ్లకి ఇది పనికొస్తుంది. కెమెరాని ఓ పది డిగ్రీలు కిందికి వంచినా చాలు.

ప్రశ్న: ఫిల్టర్ పెట్టి తీసిన పెళ్లి వీడియోలో రంగులు మారిపోయాయి. పెళ్లివారు గొడవ. ఎడిటింగ్‌లో కూడా సరిగ్గా కుదరడం లేదు. ఎందుకిలా?
– పెళ్లి వీడియోగ్రాఫర్, అనకాపల్లి

జవాబు: అన్నా, మీ బాధ నాకు తెలుసు. నాదీ అదే కథ.

పద్మనాభం దగ్గర ఒక జీడిమామిడి తోటలో పెళ్లి. ఉదయం పదకొండు ముహూర్తం, పచ్చటి తోట, మధ్యలో కొబ్బరాకుల పందిరి. అంతకు వారం ముందే ఒక దుకాణంలో వెయ్యి రూపాయలకి నాలుగు ఫిల్టర్ల సెట్ తీసుకున్నాను. ఎన్‌డీ 32 బిగించి, పందిరి చుట్టూ తిప్పి, తలంబ్రాల మీదికి దింపాను. స్క్రీన్ మీద ఎండలో ఏమీ తెలియలేదు. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తే మధుపర్కాల తెలుపు లేత ఆకుపచ్చగా ఉంది. ఎర్ర అంచు ఇటుక రంగు. పెళ్లికొడుకు తల మీద నల్ల జుట్టుకి గోధుమరంగు మెరుపు. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి "మా అల్లుడు జుట్టుకి రంగేసుకున్నాడని ఊరంతా అంటున్నారండీ" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జరిగింది ఇది. ఎన్‌డీ గాజు అన్ని రంగుల్నీ సమానంగా తగ్గించాలి. 'న్యూట్రల్' అన్న మాటకి అర్థమే అది. చవక గాజు అలా తగ్గించదు, ఒక రంగుని ఎక్కువ, ఒక రంగుని తక్కువ మింగుతుంది. ముదురు ఫిల్టర్లలో ఇంకో తంటా. కంటికి కనపడే వెలుగుని కోస్తాయి కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని అంతగా ఆపవు. అప్పుడు సెన్సరుకి చేరే దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ వాటా పెరిగి, నల్లబట్టలు, జుట్టు గోధుమ రంగుకి తిరుగుతాయి. మొదటిదాన్ని ఎడిటింగ్‌లో కొంత సర్దవచ్చు. రెండోది సర్దడం కష్టం, ఎందుకంటే కొన్ని నల్లబట్టలు మారతాయి, కొన్ని మారవు.

ఇప్పుడు నేను కొత్త ఫిల్టర్ కొంటే ఇంటి మేడ మీద పరీక్ష పెడతాను. పన్నెండింటి ఎండలో ఒక తెల్ల కాగితం, పక్కన ఒక నల్ల నూలుగుడ్డ, ఒక నల్ల సింథటిక్ గుడ్డ, మా ఆవిడ ఎర్ర పట్టుచీర కొంగు (ఆవిడ ఒప్పుకుంటేనే). వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగు) 5600 దగ్గర బిగిస్తాను. ఆటో ఉంచితే కెమెరా తప్పుని కప్పిపుచ్చుతుంది. ఒకసారి గాజు లేకుండా, ఒకసారి గాజుతో, షట్టర్ మార్చి ఒకే వెలుతురులో తీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు నిమిషాల్లో తేలిపోతుంది. తెల్లకాగితానికి రంగు తిరిగితే ఆ ఫిల్టర్ దుకాణానికే తిరుగుతుంది.

మీ పాత వీడియోకి నేను చెప్పగలిగింది ఒకటే. పైనుంచి తీసిన షాట్లు ఉన్నంతలో తక్కువ వాడండి, ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లకి మించకుండా. నేల మీద కెమెరాతో తీసిన మధుపర్కాల తెలుపుని చూస్తూ డ్రోన్ షాట్‌ని దానికి దగ్గర చేయండి. డ్రోన్ షాట్‌ని చూసి నేల షాట్‌ని మార్చడం కాదు. పెళ్లివారు పోల్చేది నేల కెమెరాతోనే.

ప్రశ్న: నా ఫిల్టర్ డబ్బా మీద 0.9, 1.2, 1.8 అని ఉంది. ఎన్‌డీ 8, 16 అని లేదు. మోసపోయానా?
– శ్రీకాకుళం

జవాబు: లేదు. పేరు పెట్టే పద్ధతి రెండోది. 0.3కి వెలుగు ఒకసారి సగం అవుతుంది. 0.9 అంటే మూడుసార్లు సగం, ఎన్‌డీ 8. 1.2 అంటే 16. 1.8 అంటే 64. డబ్బా మూత లోపల పెన్నుతో రాసుకోండి, అయిపోయింది.

ప్రశ్న: నేను రిటైరయ్యాక సరదాగా డ్రోన్ కొనుక్కున్నాను. సముద్రం మీద ఎండ మెరుపు తగ్గి, నీటి రంగు బాగా రావాలని ఉంది. ఎన్‌డీ తీసుకోవాలా, పోలరైజర్ తీసుకోవాలా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: నీటి మెరుపు తగ్గాలంటే పోలరైజరే, అంటే సీపీఎల్. ఎన్‌డీ అన్నిటినీ సమానంగా తగ్గిస్తుంది, మెరుపుని విడిగా కోయదు.

అయితే చేతి కెమెరాకి ఉన్న సౌకర్యం డ్రోన్‌కి లేదు. గాల్లో ఉండగా దాన్ని తిప్పలేరు. నేల మీద ఉండగానే సరిచేసి పంపాలి. నేను చేసే పద్ధతి చెప్తాను. ఒక బేసిన్‌లో నీళ్లు పోసి ఎండలో పెట్టండి. డ్రోన్ ఆన్ చేసి చేత్తో పట్టుకుని, కెమెరా బేసిన్ వైపు ఏటవాలుగా చూసేట్టు పెట్టి, ఫిల్టర్ రింగుని కొద్దికొద్దిగా తిప్పండి. మొదట నీటి మీద ఆకాశం తెల్లగా కనపడుతుంది. తిప్పుతూ ఉంటే ఒకచోట ఆ తెలుపు చప్పున మాయమై బేసిన్ అడుగు కనపడుతుంది. అక్కడ ఆపి, రింగు అంచు మీద పైవైపు వైట్‌నర్‌తో చిన్న చుక్క పెట్టండి. తర్వాత ఎప్పుడు బిగించినా ఆ చుక్క పైకి ఉండాలి. నీటి నుంచి వచ్చే మెరుపు అడ్డంగా పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది, కెమెరాని పట్టుకునే గింబల్ దాన్ని ఎప్పుడూ సమంగా ఉంచుతుంది కాబట్టి డ్రోన్ ఏ దిక్కుకి తిరిగినా నీటి విషయంలో ఆ సర్దుబాటు పనిచేస్తూనే ఉంటుంది.

ఆకాశం అలా కాదు. అది సూర్యుడు ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. డ్రోన్‌ని గుండ్రంగా తిప్పారంటే ఆకాశంలో ఒకవైపు ముదురు నీలం, ఇంకోవైపు తెలుపు వచ్చి మచ్చపడినట్టు ఉంటుంది. అందుకే పోలరైజర్ పెట్టినప్పుడు ఆకాశం ఫ్రేములో తక్కువ ఉంచి, నీటివైపు వంచండి. ఎంత వంచాలంటే, అడ్డం నుంచి 35, 40 డిగ్రీలు కిందికి. అక్కడ మెరుపు బాగా తెగుతుంది. నిటారుగా కిందికి చూపిస్తే ఏమీ తెగదు, పోలరైజర్ ఉన్నా లేనట్టే.

మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున నీటివైపు తిరిగితే సూర్యుడు ఎదురే. ఆ వెండి దారిని ఏ ఫిల్టరూ పూర్తిగా చెరపలేదు. చెరపాలని కూడా నాకు లేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మీ వీపు మీద పడుతుంది, నీటి రంగు అప్పుడు బాగా దొరుకుతుంది. పోలరైజర్ తనంతట తానే ఒకటి, ఒకటిన్నర స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు ఒకసారి సగం కావడం) వెలుగు తినేస్తుంది. అది పెట్టాక షట్టర్ చూసి మళ్లీ భాగహారం చేసుకోండి.

ప్రశ్న: ఫొటోలకి కూడా ఎన్‌డీ పెట్టాలా?
– విజయనగరం

జవాబు: వద్దు. ఫొటోకి షట్టర్ ఎంత వేగంగా ఉంటే అంత మంచిది. అలలు పొగలా, పాలనురగలా కనపడే ఫొటో కావాలంటే మాత్రం ఆ 128, 256 బయటికి తీయండి. తెల్లవారుజామున, గాలి పడిపోయి ఉన్నప్పుడు, డ్రోన్ ఒకచోట నిలిపి, అర సెకను నుంచి ఒక సెకను. పది తీస్తే మూడు వస్తాయి. వీడియో నుంచి ఫొటోకి మారేటప్పుడు ఫిల్టర్ తీయడం మర్చిపోవడం అందరం చేసే తప్పే. ఎన్‌డీ 4కి పని ఎక్కడంటే, ఆ పొద్దు వాలే పది నిమిషాల్లో.

మర్చిపోవడం అన్నాను కాబట్టి చెప్తున్నాను. రేవుపోలవరం తీరాన అనుమతి తీసుకుని ఒక జంటకి షూట్ చేశాం. వెనకాల జాలర్లు తెప్ప ఒడ్డుకి లాగుతున్నారు, మంచి వెలుతురు. అరవై నాలుగు పెట్టి మొదలుపెట్టాను. సాయంత్రం అయింది, తీయలేదు. ఐఎస్‌ఓ ఆటోలో ఉండిపోయింది. పెళ్లికూతురు వాళ్ల నాన్న చెయ్యి వదిలి అబ్బాయి వైపు నడిచిన ఆ ఒక్క షాట్, బొమ్మంతా బొంబాయి రవ్వ చల్లినట్టు వచ్చింది. ఆ రోజు నుంచి ఐఎస్‌ఓ ఆటో నా డ్రోన్‌లో నిషేధం. చీకటి పడితే బొమ్మ నల్లబడుతుంది, నల్లబడితే నాకు బుద్ధొస్తుంది.

ప్రశ్న: ఫిల్టర్ బిగించాక 'గింబల్ ఓవర్‌లోడ్' అని వచ్చి కెమెరా వణికింది. మోటార్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– పెందుర్తి

జవాబు: చాలాసార్లు మోటార్ పోదు, బరువు ఎక్కువై తట్టుకోలేక అరుస్తుంది. ఫిల్టర్ తీసి ఆన్ చేసి చూడండి. మామూలుగా తిరిగితే తప్పు ఫిల్టర్‌దే. వేరే మోడల్‌కి చేసినదో, మందపాటి లోహపు రింగుదో అయి ఉంటుంది. డ్రోన్ గింబల్ గ్రాముల లెక్కలో పనిచేస్తుంది. తిప్పి వెలుగు మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీలు నేను డ్రోన్‌కి వాడను. రెండు గాజుల బరువు, చివరికి తిప్పితే బొమ్మలో ఎక్స్ ఆకారంలో నీడ. పైగా గాల్లో తిప్పలేనప్పుడు వేరియబుల్ ఎందుకు?

బిగించేటప్పుడు పవర్ ఆఫ్ ఉండాలి. ఒక చేత్తో కెమెరా బొడిపెని వెనకనుంచి పట్టుకుని రెండో చేత్తో ఫిల్టర్. మినీ 3, మినీ 4 ప్రో రకాలకి ఉన్న గాజుని తిప్పి తీసి దాని స్థానంలో ఇది పెట్టాలి, దాని మీద ఇది కాదు. పులిహోర తిన్న చేత్తో ముట్టుకోకండి. నవ్వకండి, పెళ్లిలో ఇది రోజూ జరిగేదే. మా కుర్రాడు ఒకసారి ముట్టుకుంటే పసుపు నూనె వేలిముద్ర గాజు మీద పడి, ఆ పూట సూర్యుడి చుట్టూ ఒక పెద్ద జ్యోతి వెలిగింది.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో. అది దాటితే మైక్రో, అక్కడినుంచి నియమాలు మారతాయి. మీ డ్రోన్ 249 అయితే లావు ఫిల్టర్, రెక్కలకి స్టిక్కర్లు, పైన లైటు కలిసి గీత దాటించేస్తాయి. బంగారం తూచే కాటా ఉన్నవాళ్ల దగ్గర బ్యాటరీ, కార్డుతో సహా ఒకసారి తూయించుకోండి. మా వీధి కంసాలి గారు నా డ్రోన్ తూచి "తరుగు తీసేయనా?" అన్నారు.

ప్రశ్న: రామకృష్ణా బీచ్‌లో సూర్యోదయానికి ఏ ఎన్‌డీ పెట్టాలి?
– సీతమ్మధార

జవాబు: ఏదీ పెట్టకండి, ఎగరేయకండి. మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. ఓడరేవు, డాక్‌యార్డ్, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా అన్నీ ఊళ్లోనే. భీమిలి రోడ్డు ఖాళీగా ఉంది కదా అనుకుంటే అక్కడ ఇంకో నౌకాదళ స్థావరం, ఐఎన్‌ఎస్ కళింగ. డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి మీరు నిలబడ్డ చోటు ఏ రంగులో ఉందో ముందు చూడండి. రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నానో డ్రోన్ అయినా అంతే. ఆ మ్యాప్ మారుతూ ఉంటుంది కాబట్టి పోయిన నెల చూశాను అంటే చాలదు. పర్మిషన్ ఉన్న చోట సూర్యోదయానికి, ఎఫ్/2.8 అయితే ఎన్‌డీ 8తో మొదలుపెట్టండి.

ప్రశ్న: రాత్రి పెళ్లిలో మండపం లైట్లు డ్రోన్ వీడియోలో మిణుకుమిణుకుమంటున్నాయి. ఎన్‌డీ పెడితే పోతుందా?
– తగరపువలస

జవాబు: రాత్రి ఎన్‌డీ పెడితే మిణుకుతో పాటు పెళ్లి కూడా పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. మీ డ్రోన్ 30 ఫ్రేములు, 1/60 మీద ఉండి ఉంటుంది. సెట్టింగుల్లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50 చేయండి. సీరియల్ లైట్లు చాలావరకు కుదుటపడతాయి. చవక ఎల్‌ఈడీ బోర్డు ఒకటి రెండు అప్పటికీ మొండికేస్తే డెకరేషన్ అబ్బాయిని బతిమాలి అది ఆపించండి. అందుకే పగలు కూడా నేను 25 ఫ్రేములే వాడతాను, పగటి షాటూ రాత్రి షాటూ కలిపినప్పుడు తేడా రాదు, భాగహారానికీ 50 సులువు.

ప్రశ్న: ఫిల్టర్ పెట్టి ఎగరేసిన మొదటి ఐదు నిమిషాలు వీడియో అంతా మసకగా వస్తోంది. తర్వాత దానంతట అదే బాగవుతోంది.
– భీమిలి

జవాబు: ఏసీ కారులోంచి నేరుగా దింపి ఎగరేస్తున్నారు కదూ? చల్లబడ్డ గాజు మీద మన ఉప్పగాలి తేమ పట్టుకుంటుంది. బయటివైపు పట్టింది తుడిస్తే పోతుంది. ఫిల్టర్‌కీ లెన్సుకీ మధ్య పట్టింది తుడవలేరు. ఫిల్టర్ల డబ్బాని కారు డిక్కీలో పెట్టండి, ఏసీ తగలకుండా. డ్రోన్ బ్యాగు జిప్పు తీసి నీడలో పావుగంట ఉంచాక ఫిల్టర్ బిగించండి. ఎగరేసి వచ్చాక ఫిల్టర్ మీద సన్నటి ఉప్పు పొర ఉంటుంది, ఎండలో వంచి చూస్తే చిన్న చిన్న చుక్కలుగా కనపడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు ఊదండి, తర్వాత మంచినీళ్లలో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తండి, ఆ తర్వాతే తుడవండి. లుంగీ అంచుతో మాత్రం వద్దు.